ఇప్పచెట్టు కింది దోమతెర

(తొమ్మిదో భాగం)

పోయిన వారం ఉదయ్ భాస్కర్‌ను ఒర్రెగూడెంలో సుజాత వాళ్ల వాకిట్లో, భుజాన గోనెసంచితో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. పాల్వంచ నుంచి బండి మీద వచ్చిన దుమ్ము కనుబొమల మీద అట్లాగే ఉంది. "నీ లెక్క తప్పు సుజాతా" అని ఒక్క మాట అనేశాడు. ఆ తర్వాత లోపలికి రమ్మంటారో, వచ్చిన దారినే పొమ్మంటారో తెలియక, చెప్పులు విడవాలా వద్దా అని తన కాళ్ల వంక తనే చూసుకుంటున్నాడు.

ఈ వారమే కథలోకి వచ్చి కూర్చున్నవాళ్లకు సంగతి చెప్పాలి. సుజాత భద్రాచలం దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. రక్త పరీక్షలు ఆమె ఉద్యోగం, ఇప్పచెట్లు ఆమె పిచ్చి. ఐదేళ్లుగా, అడవి అంచున ఉన్న నాలుగైదు గూడేలకు మార్చి నెలంతా ఫోన్లు చేసి, ఇప్పపూలు రాలడం ఎప్పుడు మొదలైందో అడిగి తెలుసుకుంటోంది. అన్నీ కలిపి గీత గీస్తే, పూలు ఏటేటా ముందుకు జరుగుతున్నాయని తేలింది. ఎండలు మారాయి, చెట్టు కూడా మారుతోంది అని ఆమె అన్న మాట జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చింది. అది చూసి, హైదరాబాదులో చెట్ల మీద పరిశోధన చేసే మనోజ్ఞ మేడం స్వయంగా ఫోన్ చేసింది. రేపు పొద్దున తన బృందంతో గూడేనికి వస్తానంది. చూసింది నచ్చితే ఆ లెక్క సుజాత పేరుతో అచ్చవుతుంది. వాళ్లతో కలిసి పని చేసే అవకాశం కూడా వస్తుంది. ఆ గూడెంలో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి కోయ పిల్లకు అది చిన్న సంగతి కాదు. అందుకే సెలవు పెట్టి ఇవాళ పొద్దునే ఇంటికొచ్చింది.

ఉదయ్ భాస్కర్‌ది మరో పిచ్చి. సత్తుపల్లి వైపు రైతు కుటుంబంలో పుట్టాడు, పాల్వంచలో కరెంటు ప్లాంటులో మీటర్లు బాగుచేస్తాడు. సెలవు దొరికితే ఇంట్లో ఏదో ఒకటి విప్పి, ఇంకొకటి బిగిస్తాడు. ఈ ఏడు సుజాతకు సాయంగా ఉంటుందని గూడెం బయట ఒక ఇప్పచెట్టు కింద పాత దోమతెర కట్టి వెళ్లాడు. తెరలో పడ్డ పూలను వంటింటి కాటా తూస్తుంది. ఆ బరువు పక్కనున్న చిన్న పెట్టెలోకి ఎక్కుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పెట్టె చెప్పిన మాటే ఇప్పుడు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"లోపలికి రండి సార్," అంది సుజాత చివరికి. "ఎండన పడి వచ్చారు. ముందు నీళ్లు తాగండి. తప్పు తర్వాత చెబుదురుగాని."

"నీళ్లు తాగితే తప్పు ఒప్పవుతుందా?" అంటూనే ఆయన చెంబు ఎత్తి గటగటా తాగేశాడు. సంచి మాత్రం భుజం మీంచి దించలేదు. "కోప్పడకు. నీ మీద కోపంతో రాలేదు నేను. రేపు ఆ మేడం ముందు నువ్వు నిలబడి మాట్లాడాక తెలిసేకంటే ఇవాళ తెలియడం మంచిదని వచ్చాను."

"ఏం తెలియడం?"

"నీ చార్టు నాకు పంపావు కదా. దాని పక్కన పాత క్యాలెండర్లు పెట్టి చూశాను. మా ఆవిడ కిరాణా కొట్టు క్యాలెండరు ఒక్కటి కూడా పారేయదు, వంటింటి అలమరలో డబ్బాల కింద పరుస్తుంది. డబ్బాలన్నీ దించినందుకు నన్ను వాయించింది, అది వేరే సంగతి. ఇదిగో, మీ గూడెం తేదీలు చూడు." జేబులోంచి నూనె మరకలున్న నాలుగైదు కాగితాలు తీసి చాప మీద పరిచాడు. "కిందటేడు పూలు మొదలైంది బుధవారం. ఆ ముందేడు? బుధవారం. ఆ పైయేడు? అదీ బుధవారమే. ఇప్పచెట్టుకి బుధవారం ఎట్లా తెలుస్తుంది సుజాతా? వారం వారం సంతకెళ్లే పనేమన్నా ఉందా దానికి?"

సుజాత కాగితాల మీదికి వంగింది. తేదీలను తేదీలుగానే చూసింది ఇన్నాళ్లూ. ఏ వారమని ఎప్పుడూ చూడలేదు. చూడాలని తోచనే లేదు.

"అంతా బుధవారం కావడం... ఒక్కోసారి అట్లా కలిసొస్తుంది సార్."

"సరే, కలిసొచ్చిందే అనుకుందాం. మరి ఈ ఏడు సంగతి? పూలు పడ్డాయా మీ గూడెంలో?"

"ఇంకా లేదు. నిన్న కూడా తాతనడిగాను. లేదన్నాడు."

"దారిలో ఆగి నా పెట్టె చూశాను, పడుతున్నాయంటోంది. ఇవాళ నిన్న కాదు, కొద్దికొద్దిగా వారం పైనుంచే."

"మీ కాటాకు ఆకేదో, పుల్లేదో తెలియదు కదా సార్. ఎండుటాకులు రాలే రోజులివి. గాలికి పడ్డ ఆకుల్ని తూచి ఉంటుంది," అంది సుజాత. ఆమె గొంతు తనకే తెలియకుండా పెరిగింది. "మనుషులు కళ్లతో చూసి చెప్పిన మాట కంటే దోమతెర మాట ఎక్కువా?"

"ఆకులా?" ఉదయ్ భాస్కర్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయన చేసిన యంత్రాన్ని ఎవరైనా ఒక మాటంటే సొంత బిడ్డనన్నట్టే. "ఆకులా ఇవి? వచ్చేదారిలో తెరలోంచి తీసుకొచ్చాను, చూడు!"

అని సంచి మూతి విప్పి, ఇంటి నడిమి గుంజ దగ్గర, నేల మీద బోర్లించాడు.

ఇప్పపూలు. వెన్నరంగువి, గుండ్రంగా, రసం నిండినవి. కొన్ని అప్పుడే గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఆ మత్తువాసన ఇల్లంతా కమ్మేసింది. అంతలోనే గుమ్మంలో చప్పుడైంది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఎర్రమ్మ వచ్చింది. సుజాత తల్లి.

ఎర్రమ్మ అరవలేదు, తిట్టలేదు. మోపును మెల్లగా బయటే దించింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చూపు పైకప్పు వాసాల మీదికి మళ్లించి, గుమ్మం అవతలే నిలబడింది.

"సుజాతా, సారును బయటికి తీస్కరా," అంది. బిడ్డతో కోయలోనే మాట్లాడే మనిషి, వచ్చినాయనకు అర్థం కావాలని తెలుగులో అంది.

"ఏమైందే అమ్మా?"

"ఏం కాలే. బయటికి రాండ్రి."

"పూలే కదమ్మా. సారు చెట్టు కింద కట్టిన తెరలో పడ్డయంట."

"ఏం పూలు?" అంది ఎర్రమ్మ. ఇంకా వాసాల వంకే చూస్తోంది. "పూలు ఇంకా రాలలే."

ఆమె కళ్లెదుటే కుప్ప పోసి ఉన్నాయి పూలు. ఒకటి దొర్లుకుంటూ పోయి గడప దగ్గర ఆగింది. దాన్ని దాటి చూస్తూ, మాట తడబడకుండా, ఇంకా రాలలేదంటోంది తల్లి. సుజాతకు గుర్తొచ్చింది. నిన్న తాత ఫోన్‌లో "ఇంకా లేదు బిడ్డా" అన్నది అచ్చం ఇదే గొంతుతో.

ముగ్గురూ బయట ఆకుల పందిరి కిందికి వచ్చారు. ఎర్రమ్మ తలుపు దగ్గరికి వేసింది.

"పండుం కాలే బిడ్డా," అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు. పండుం అంటే పండుగ. "పూజారి చెట్టు కింద దేవరకు మొక్కి, కోడిని కోసి, మొదటి పువ్వు పెట్టినంకనే పువ్వు మనది. అప్పటిదాంక రాలింది రాలినట్టు గాదు. అది ఎలుగుది, కణుజు దుప్పిది, చీమలది. మనం సూడొద్దు, అనొద్దు. సూస్తే చెయ్యి ఊకుంటదా?"

"పండుం సంగతి నాకు తెలుసు. కానీ గిట్ల అని..."

"నీకెట్ల తెలుస్తది? మార్చి నెలల నువ్వెప్పుడున్నవ్ ఇంట్ల? హాస్టల్ల పరీక్షలైనంక వచ్చేదానివి. అప్పటికి పువ్వు ఎండి గంపలకెక్కేది."

నిజమే. సుజాతకు తెలిసిన ఇప్పపువ్వు వేసవి సెలవుల్లో తిన్నది. ఉడకబెట్టింది, నూనె చుక్క వేసి వేయించింది. చెట్టు నుంచి రాలే పువ్వును ఆమె చిన్నతనంలో ఎప్పుడూ చూడలేదు.

ఉదయ్ భాస్కర్ ఊరుకోలేకపోయాడు. "అంటే ఏంటమ్మా, ఐదేళ్లుగా ఫోన్లో రోజూ మీరంతా అబద్ధం చెప్పారా?"

ఎర్రమ్మ అప్పుడు తిరిగింది ఆయన వైపు. నడుం మీద చెయ్యి పెట్టింది.

"అబద్ధమా? ఓ సారూ, నీకు పెండ్లయిందా?"

"అయింది."

"నీ పెండ్లాం నెల తప్పితే తెల్లారే ఊరంత చాటిచ్చినవా? మూడో నెల దాంక ఎవరన్న అడిగితే ఏమన్నరు మీ ఇంట్ల?"

ఆయన తల గోక్కున్నాడు. "ఇంకా ఏం లేదన్నాం."

"అది అబద్ధమా?"

"మా అమ్మకి ఐదో నెల దాకా చెప్పలేదు మా ఆవిడ," అన్నాడు ఉదయ్ భాస్కర్, ఎవరూ అడక్కుండానే.

"మల్ల?" అంది ఎర్రమ్మ. "మా పువ్వుకు మాత్రం ఆగొద్దా?"

ఇంకో రోజైతే సుజాత పడీపడీ నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. పందిరి కింద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తోంది. బుధవారం. పూజారి అయిన తాత పండుం చేసేది బుధవారమే. ఐదేళ్లుగా తాను చెట్టును అడిగాననుకుంది. జవాబిచ్చింది చెట్టు కాదు, పండుగ. పేపర్లో ఫొటోతో వచ్చిన గీత చెట్టుది కాదు. రేపు మేడం వస్తుంది. గీత చూపించమంటుంది.

ఉన్నట్టుండి ఆగింది.

"సార్! పండుగే అనుకుందాం. కానీ పండుగ కూడా ఏటేటా ముందుకు వస్తోంది కదా? మొదటి ఏడుకూ పోయినేడుకూ చూడండి, ఎంత తేడా ఉందో. ఊరికే ఎందుకు జరుగుతుంది? చెట్టు ముందుకొస్తేనే తాత పండుం ముందుకు తెస్తాడు. అంటే తేదీ తప్పు కావచ్చు. మాట తప్పు కాదు!"

ఉదయ్ భాస్కర్ కళ్లు మెరిశాయి. తప్పు పట్టుకున్నప్పటి సంబరం కంటే, తప్పులోంచి దారి దొరికినప్పటి సంబరం ఎక్కువ ఆయనకు. "అదీ పాయింటే. చెట్టుని మీ తాతగారు చూస్తున్నారు, మీ తాతగారిని నువ్వు చూస్తున్నావు. మధ్యలో ఇంకో మీటరు ఉందంతే. మీటరుకి కొంచెం తేడా ఉన్నా, ముల్లు కదిలే దిక్కు సరైందే అయ్యుండొచ్చు." ఆ వెంటనే, "అమ్మా, పండుగ ఎందుకు ముందుకొస్తోంది? పూలు ముందు పడుతున్నాయనేనా?" అని అడిగాడు.

ఎర్రమ్మ మోపులోంచి ఒక కట్టె లాగి, మళ్లీ అందులోనే దోపింది.

"అమ్మా?"

"మీ తాత వస్తుండు. ఆయన్నే అడుగు."

సీతయ్య వస్తున్నాడు. గూడెం మొదట్లో ఉన్న గుడిసెలో పెద్దమనుషులతో కూర్చుని లేచి వస్తున్నాడు. మెడలో కొత్త తువ్వాల ఉంది. నడకలో పెళ్లికొడుకు తండ్రి హడావిడి ఉంది. దేవర పూజ ఆయన తాతల కాలం నుంచి ఆ ఇంటిదే.

"సారు వచ్చిండా! ఎప్పుడొచ్చినవ్ సారూ? బువ్వ తిన్నవా? ఓ ఎర్రా, సారుకు బువ్వ పెట్టినవా?" అంటూ పందిరి కిందికి వచ్చి, ముక్కు ఎగబీల్చాడు. మూసిన తలుపు వంక ఒక్క క్షణం చూశాడు. "ఏందో వాసన..."

"ఏం లేదు తాతా," అంది సుజాత.

"అవ్, ఏం లేదు," అన్నాడు సీతయ్య, అంతే తొందరగా. తలుపుకు వీపు పెట్టి మంచం మీద కూర్చున్నాడు. "బిడ్డా, మంచి మాట చెప్తా, ఇను. రేపే పండుం!"

సుజాత మంచం పట్టె మీద కూర్చుంది. "తాతా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. పండుం ఏటేటా ముందల ఎందుకు చేస్తున్నవ్?"

ముసలాయన ముఖం వెలిగింది. ఈ ప్రశ్న కోసమే ఇన్నేళ్లుగా కాచుకున్నట్టు.

"నీకు తెల్వదా? నేను చెప్పొద్దనుకున్న గాని, అడిగినవు కాబట్టి చెప్తున్న. మొదట్ల నువ్వు ఫోన్ చేస్తివి యాదికుందా? 'తాతా, పువ్వు పడ్డదా?' అంటివి. ఇంకా లేదు బిడ్డా అన్న. తెల్లారి మళ్ల చేస్తివి. ఆ తెల్లారి మళ్ల. ఇంట్ల సిగ్నల్ రాదాయె. పొద్దుగూకే యాళకు ఆ బండ మీదికెక్కి నీ ఫోన్ కోసం కూసునేది నేను. లేదు, లేదు అని చెప్పుడే. లేదన్నప్పుడల్ల నీ గొంతు పడిపోయేది. ఫోన్ పెట్టేసినంక నాకు బువ్వ సయించేది గాదు."

"తాతా..."

"ఆగు, చెప్పనీ. నా మనుమరాలు నౌకరి చేసుకుంట, నన్ను ఎన్నడు రూపాయి అడగలే, గుడ్డ అడగలే. అడిగింది ఒక్కటే. పువ్వు పడ్డదా అని. అది గూడ లేదంటే నేనేం తాతను? అందుకే మల్ల యేడు ఒక బుధవారం ముందల పెట్టిన. నువ్వెంత సంబురపడ్డవ్! 'ముందల పడ్డయా తాతా, నిజంగ ముందలనే పడ్డయా' అని ఫోన్ల ఎగిరినవ్. ఆ మల్ల యేడు ఇంకో బుధవారం జరిపిన. నువ్వు ఇంకింత నవ్వినవ్. మనం చేసినంకనే కింది గూడేలోళ్లు చేసుకుంటరు కదా. మనం జరిగితే వాళ్లు జరుగుతరు. అందరు గూడ ముందలనే పడ్డయని చెప్పిన్రా లేదా నీకు?"

ఉదయ్ భాస్కర్ చేతిలోని క్యాలెండరు కాగితాలను మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మీటరు ముల్లు ఎందుకు కదులుతోందో ఆయనకు తెలిసిపోయింది. చూసేవాళ్లే దాన్ని వేలితో తోస్తున్నారు. ఆ వేలు సుజాతది.

ఎండలు కాదు. వానలు కాదు. చెట్టు ఎక్కడున్నది అక్కడే ఉంది. జరిగింది తన తాత. జరిపింది తన గొంతు.

"చెప్పు, మిగిలింది గూడ చెప్పు మామా," అంది ఎర్రమ్మ గుంజకానుకుని. "పోయినేడు ఏమయిందో చెప్పు."

"అదంత ఇప్పుడెందుకే?"

"నేను చెప్త. ఎనకట పండుం నాటికి చెట్లు జల్లుజల్లున రాల్చేటివి. పోయినేడు మేం ఆడోళ్లం గంపలు పట్టుకొని పొద్దంత తిరిగితే అడుగు గూడ నిండలే. ఇంకా చెట్టు మీద మొగ్గ ఉండె. అందరు ఏమన్నరు? సీతయ్య మనుమరాలి కోసం దేవర రోజును జరుపుతుండు, అందుకే పువ్వు లేదన్నరు. ఇయ్యాల గూడ పెద్దమనుషులు ఇంకో రెండు బుధవారాలు ఆగుమన్నరా లేదా?"

"అన్నరు."

"నువ్వేమంటివి?"

సీతయ్య తువ్వాల సర్దుకున్నాడు. "బిడ్డ కాడికి పట్నం నుంచి పెద్ద మేడం వస్తుంది, మన ఆడోళ్లు చెట్ల కింద పువ్వు ఏరంగ ఆమె సూడాలె అన్న. రేపే చేస్త, పువ్వు పడుతది, నాదీ పూచీ అన్న."

"పడకుంటే?" అంది ఎర్రమ్మ.

"పడకుంటే పూజ బాలకృష్ణకు ఇస్తమన్నరు. మా తమ్ముని కొడుకు. ఇయ్యనీ తీ, వాడూ మనోడే." ఆ మాట తేలిగ్గానే అన్నాడు గానీ, అంటున్నప్పుడు తువ్వాల కొసను వేలికి చుట్టి చుట్టి బిగించుకున్నాడు. ఆయన తండ్రి చనిపోయిన ఏడాది నుంచీ ఆ చెట్టు కింద మొదటి పువ్వు పెట్టింది ఆ చెయ్యే.

సుజాత లేచింది. కూర్చోలేకపోయింది. లేచి ఎటు పోవాలో తెలియలేదు.

"వద్దు తాతా. రేపు పండుం వద్దు."

"ఎందుకు?"

"నా లెక్క తప్పయింది."

"తప్పెట్లయితది?" సీతయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ముందలనే వచ్చినయి కదా!"

ఆ మాటకు ఏం జవాబు చెప్పాలి? నువ్వు ప్రేమతో ఇచ్చిందే నా లెక్కను పాడుచేసిందని చెప్పాలా? చెబితే ఆ ముఖం ఏమవుతుంది? అది తలుచుకోవడానికే ఆమెకు ధైర్యం చాల్లేదు.

గూడెం మొదట్లో డోలు మోగింది. జంపయ్య డోలు. రేపటి పండుగ చాటింపు.

"అగో, జంపయ్య ఎత్తుకున్నడు. నేను గూడ పోవాలె, పూజారి లేంది చాటింపు ఏంది?" సీతయ్య గబగబా లేచి, ముసలితనం మరిచిపోయి, డోలు చప్పుడు వైపు పోయాడు. సుజాత పిలిచిన పిలుపు డోలు చప్పుడులో కలిసిపోయింది.

పందిరి కింద ముగ్గురు మిగిలారు. సుజాత ఉదయ్ భాస్కర్ వంక చూసింది. ఆయన చెప్పు కొనతో నేల మీద గీత గీసి, చెరిపి, మళ్లీ గీస్తున్నాడు.

"సార్, ఈ సంగతి ఇప్పుడు ఎవరికి తెలుసు?"

"మన నలుగురికి, మీ గూడెం వాళ్లకి."

"మనం చెప్పకపోతే?"

"చెప్పకపోతే బయటివాళ్లెవరికీ తెలియదు. ఆ మేడం ఎంత చదువుకున్నా, క్యాలెండరు పక్కన పెడితే బుధవారం కనబడుతుందేమో గానీ, మీ తాతగారి బువ్వ సయించలేదన్న సంగతి ఏ కంప్యూటర్లోనూ కనబడదు." గీసిన గీతను చెరిపేశాడు. "నేను చెప్పను సుజాతా. నా నోటితో చెప్పను. అది నీ లెక్క."

తనను వదిలేశాడు. తిట్టినా బాగుండేది.

ఒక్క మాట మింగితే చాలు. తాత పూజ తాతకుంటుంది, తన పేరు తనకుంటుంది. రేపు నాలుగు పూలు పడక మానవు, తెరలో పడుతున్నవి ఎట్లాగూ ఉన్నాయి. మేడం ఫొటోలు తీసుకుని పోతుంది. ఎవరికి నష్టం? అట్లా అనుకుంటూనే సుజాత నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ వేగం పెంచింది. దవాఖానాలో ఒకసారి రక్తం సీసాలు రెండు తారుమారైతే, ఎవరూ చూడలేదు కదా అని పక్క టెక్నీషియన్ కన్ను గీటింది. ఆ ఇద్దరు రోగులనూ వెతికి వార్డంతా తిరిగి మళ్లీ రక్తం తీసింది సుజాత. ఒకామె నానా మాటలూ అంది. పడింది. అప్పుడు అంత సులువుగా తోచిన పని ఇప్పుడు ఇంత బరువెందుకైంది?

బండ దగ్గరికి వచ్చేసింది. ఒర్రె దారి తప్పిస్తే గూడెంలో ఫోన్ పలికే చోటు అదొక్కటే. చెప్పులు విడిచి పైకెక్కింది. రాయి ఎండ వేడిని ఇంకా వదల్లేదు. పైన ఒకచోట రాయి నున్నగా, మనిషి కూర్చుని కూర్చుని అరిగినట్టుంది. సుజాత ఆ చోట నిలబడలేక పక్కకు జరిగింది.

రేపు పొద్దున రావద్దని మేడంకు చెప్పాలి. ఎందుకు రావద్దో కూడా చెప్పాలి. ఫోన్‌లోనే చెప్పేయాలి, ముఖం చూడకుండా. ఆమె రాదని తెలిస్తే రేపటి పండుగ అవసరం తాతకు ఉండదు. పెద్దమనుషులు అన్నట్టే ఆగుతాడు. పూజ మిగులుతుంది. పోయేది తన లెక్క ఒక్కటే.

నంబరు నొక్కింది. రెండో రింగుకే ఎత్తింది మనోజ్ఞ.

"సుజాతా! నేనే చేద్దామనుకుంటున్నాను. నూరేళ్లు నీకు!"

"మేడం, ఒక మాట చెప్పాలి. మీరు రేపు..."

"రేపటిదాకా ఆగలేకపోయామమ్మా. పూలు తెల్లవారుజామున రాలతాయి కదా, పొద్దున బయల్దేరితే అవి దొరకవని ఇవాళే వచ్చేశాం. మీ ఊరి ఒర్రె, అదే ఆ వాగు, దాటాం. డోలు కూడా వినిపిస్తోంది!"

సుజాత తలెత్తింది. బండ మీంచి దారి కనిపిస్తుంది. ఒర్రె ఇవతల ఎర్రటి దుమ్ములో తెల్ల జీపు ఆగి ఉంది. దాని ముందు జంపయ్య డోలు, చుట్టూ జనం. జనం మధ్యలో కొత్త తువ్వాల.

"మేడం, నేను చెప్పేది వినండి. నా గీత, ఆ తేదీలు..."

"అన్నీ తీరిగ్గా మాట్లాడదాం. ఒక్క నిమిషం. మీ తాతగారట కదా, ఇక్కడే మా ముందే ఉన్నారు! పూలు రేపే మొదలవుతాయని చెబుతున్నారు. చెట్టు రాల్చకముందే ఆయనకెట్లా తెలుస్తుంది సుజాతా? ఈ జ్ఞానమే మాకు కావాల్సింది. ఆగు, కెమెరా పెట్టించాను, ఆయన్నే అడుగుతున్నాం. తాతగారూ, చెప్పండి, ఏటేటా పూలు ముందుకు ఎందుకొస్తున్నాయి?"

డోలు ఆగింది. ఫోన్‌లో ఒక దగ్గు వినిపించింది. గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత సీతయ్య గొంతు, పెళ్లిలో పాట ఎత్తుకున్నంత సంబరంగా పలికింది.

"అదా మేడం? అదంత మా బిడ్డ ఫోన్‌తోటే మొదలయింది. మొదట్ల ఏమయిందంటే..."

సుజాత చెప్పులు కూడా వేసుకోకుండా బండ మీంచి దూకింది.